కాలే హీటర్‌ను మోసిందెవరు?

నేను ఆస్పత్రి మెట్లెక్కేసరికి మా తోడల్లుడు టీవీ కెమెరాల ముందు నిలబడి, "ఒక్క రోజులో కేసు తేల్చేశాం" అని చెబుతున్నాడు. యూనిఫాం మీద ఒక్క ముడత లేదు. జుట్టు చెదరలేదు. మైకులు పట్టుకున్నవాళ్ళు కూడా అల్లుణ్ణి చూసిన అత్తగారిలా మురిసిపోతున్నారు.

ఇన్‌స్పెక్టర్ తోడల్లుడుగా ఉన్న ప్రైవేటు డిటెక్టివ్ బతుకు పగవాడికి కూడా వద్దు. మా అత్తగారు "మా పెద్దల్లుడు" అనాల్సి వస్తే గొంతు తగ్గిస్తారు. "మా చిన్నల్లుడు" అన్నప్పుడు మాత్రం వీధి చివరింటికి కూడా వినిపిస్తుంది. నాకు వాడంటే కుళ్ళు. మనసులో ఒకటి పెట్టుకుని పైకొకటి మాట్లాడడం చేతకాదు గనుక ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

"అన్నగారూ! మీరిటొచ్చారేంటి? ఒంట్లో బాలేదా?" అన్నాడు, కెమెరాలకి వినిపించేలా.

"నాకు బాగానే ఉంది తమ్ముడూ. నువ్వు తేల్చిన కేసు మళ్ళీ మునుగుతుందేమో చూసిపోదామని వచ్చాను."

వాడు నవ్వాడు. కెమెరాలున్నప్పుడు వాడికి కోపం రాదు.

నన్ను పిలిచిన మనిషి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసి బతికేవాడు. భార్య బట్టలు కుడుతుంది, ఆ పక్కనే ఇతని ఇస్త్రీ బల్ల. ఇప్పుడా భార్య లోపల స్పృహ లేకుండా ఉంది.

"మొదటినుంచీ చెప్పు" అన్నాను.

"మా ఆవిడకి చల్లగాలి పడదు సార్. తడి ఒంటి మీద గాలి తగిలిందంటే దద్దుర్లు లేస్తాయి, గొంతు వాచిపోతుంది. కానీ ఐస్ ముక్క తెచ్చి చేతి మీద పెడితే ఏమీ కాదు. అందుకని ఎక్కడికి తీసుకెళ్ళినా ఐస్ పెట్టి చూడడం, 'నీకేం లేదమ్మా, అంతా నీ భయం' అని పంపేయడం. ఈ డాక్టరమ్మ ఒక్కతే నమ్మింది. ఐస్‌తో రాదు, తడి ఆరేటప్పుడు పుట్టే చలితో వస్తుంది అని కనిపెట్టింది. లోకంలో ఈ జబ్బున్నవాళ్ళు గుప్పెడు మంది కూడా లేరంట. అలాంటి మనిషి మా ఆవిణ్ణి చంపబోయిందంటే నేనెట్లా నమ్మను?"

"ఇప్పుడెలా ఉంది?"

"ఇంకా కళ్ళు తెరవలేదు. సెలైన్ వెచ్చబెట్టి ఎక్కించాలని, ఆక్సిజన్ కూడా చల్లగా పోకూడదని నిన్నంతా డాక్టరమ్మే దగ్గరుండి చూసింది. ఆవిణ్ణి ఒంటిగంటకి స్టేషన్‌కి తీసుకుపోతారంట. మిగతావాళ్ళకి ఈ జబ్బు పేరే నోరు తిరగడంలేదు. పొద్దున ఒక నర్సు ఉక్కగా ఉందని ఫ్యాన్ వేయబోయింది సార్. నేను అద్దంలోంచి చూసి తలుపు బాదాను కాబట్టి సరిపోయింది." నా చెయ్యి పట్టుకున్నాడు. "డాక్టరమ్మని ఇక్కడే ఉంచండి. ఇంకేమీ అడగను."

గోడ గడియారం పదకొండున్నర దాటింది.

ఆ నాలుగో అంతస్తు మొత్తం అరుదైన జబ్బుల వార్డు. ప్రతి బుధవారం అక్కడ 'కేస్ డే' జరుగుతుంది. సెమినార్ హాల్లో వేదిక మీద ఒక రోగిని కూర్చోబెడతారు. ఊళ్ళ నుంచి వచ్చిన పెద్ద పెద్ద డాక్టర్లు చుట్టూ చేరి ప్రశ్నలు వేస్తారు. నిన్న ఆ కుర్చీ టైలరమ్మది. కుర్చీలో కూర్చోకముందే హాలు వెనక గదిలో పడిపోయింది.

ఆ గదికి నాతోపాటు మా తోడల్లుడూ వచ్చాడు. రావద్దంటే వినే రకం కాదు. గది తాళం తెచ్చిన హెడ్ నర్సు మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అన్నదమ్ములు పోట్లాడుకుంటున్నారనుకుందో ఏమో.

చిన్న గది. ఒక్కటే తలుపు. లోపల ఒక బాత్రూం. సీలింగులో ఏసీ గాలి దిగే చదరపు కంత ఉంది. దానికి అడ్డంగా అంటించిన అట్టముక్క ఇప్పుడు సగం ఊడి వేలాడుతోంది. కింద ఒక స్టూలు.

"మీరు చూసింది చెప్పండమ్మా" అన్నాను నర్సుతో.

"ఈ కంతలోంచి వచ్చే గాలి ఆపడం మా చేతిలో లేదు సార్, బిల్డింగంతటికీ ఒకటే మెషీను. అందుకే ఆమె కోసం అట్ట అంటించి, హీటర్ పెట్టించాం. నిన్న పొద్దున నేనే ఆమెను తీసుకొచ్చాను. వేడినీళ్ళతో తలస్నానం చేసి వచ్చింది, జుట్టింకా ఆరలేదు. గౌను మార్చుకోమని బాత్రూంలోకి పంపించాను. హీటర్ అప్పటికి చాలాసేపట్నుంచి కాలుతోంది, తీగలు ఎర్రగా ఉన్నాయి. హాల్లో ప్రొఫెసర్‌గారు పిలుస్తున్నారంటే వెళ్ళాను. పది నిమిషాలు పట్టిందేమో. తిరిగొచ్చేసరికి తలుపుకి బయట గడియ పెట్టి ఉంది."

"లోపల?"

"కింద పడి ఉంది. పెదాలు నల్లబడిపోయాయి. అట్ట పీకేశారు, గాలి నేరుగా ఆమె మీదికే. హీటర్ లేదు. వీల్‌చెయిర్లు పెట్టే గదిలో దొరికింది, నాలుగు గదుల అవతల. అప్పటికి కూడా చెయ్యి పెట్టనివ్వడంలేదు."

"కేకలు వినిపించలేదా?"

"హాల్లో మైకు మోగుతోంది సార్. గొంతు వాచాక కేకెక్కడొస్తుంది?" ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇంతవరకూ మీరు విన్నది కథ. ఇప్పుడు నేను చెప్పేది కేసు" అన్నాడు మా తోడల్లుడు, టోపీ సర్దుకుని. "హీటర్ స్విచ్ ఆపేస్తే గది వెంటనే చల్లబడదు. పైగా ఆమె వచ్చి మళ్ళీ వేసుకోగలదు. అందుకే ఎత్తుకుపోవాల్సి వచ్చింది. దాని హ్యాండిల్ ఏనాడో విరిగిపోయింది. మండే హీటర్‌ని చేత్తో ఎత్తితే తోలు ఊడొస్తుంది. ఈ అంతస్తులో ఉన్న ప్రతివాళ్ళ అరచేతులూ నిన్న నేనే చూశాను. ఒక్కళ్ళకీ బొబ్బ లేదు. దాన్నిబట్టి ఏం తెలుస్తోంది?"

"నువ్వే చెప్పు. అడ్డొస్తే నీకు బాధ."

"గ్లవ్స్! ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన శాంపిళ్ళు తీసేటప్పుడు వేసుకునే మందపాటి గ్లవ్స్. చలి ఆపేవి వేడినీ ఆపుతాయి. ఈ అంతస్తులో ఒకటే జత ఉంది, అదీ డాక్టరమ్మ ల్యాబులో. ఇక కారణం. ఈ జబ్బు కనిపెట్టింది ఆవిడ. వేదికెక్కి చెప్పబోయింది ప్రొఫెసర్, స్లైడ్ల మీద మొదటి పేరు కూడా ఆయనదే. ఆవిడకి ఒళ్ళు మండింది. నాకు దక్కనిది నీకూ దక్కకూడదనుకుంది. అసూయ, అన్నగారూ. మీకు నేను చెప్పాలా?"

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. నర్సు ముందు నవ్వలేక నవ్వాను.

హీటర్ని తీసుకొచ్చి బల్ల మీద పెట్టి ఉంచారు. మోకాలెత్తు పాతకాలపు హీటర్. ముందు ఇనుప జాలీ, అడుగున నాలుగు పొట్టి కాళ్ళు. చుట్టూ తిరిగి చూశాను. జాలీ పైమూల ఎండిన ఉల్లిపొర లాంటిది ఒకటి అతుక్కుని ఉంది.

"అదా? గ్లవ్ రబ్బరు. కరిగి అంటుకుంది" అన్నాడు వాడు.

నర్సును అడిగి పట్టకారు తెప్పించుకున్నాను. ఆ పొరను మెల్లగా లేవదీసి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను. దాని అంచున సగం కాలిన వెంట్రుకలు రెండు కనిపించాయి.

"రబ్బరుకి వెంట్రుకలు మొలుస్తాయా తమ్ముడూ?"

వాడు దగ్గరికొచ్చి చూశాడు. వాడి ముఖంలో రంగు మారడం చూడడానికి నేను ఎంత దూరమైనా నడిచొస్తాను.

"ఇది మనిషి తోలు" అన్నాను. "గ్లవ్స్ లేవు, ఏమీ లేవు. ఒట్టి చేతులతో హీటర్ని ఒంటికి ఆనించుకుని మోసుకెళ్ళారు. అరచేతికి వెంట్రుకలుండవు. నువ్వు చూసినవేమో అరచేతులు."

వాడు రెండు క్షణాలే తడబడ్డాడు. "అలా కాలితే మనిషి కేకలు పెట్టడా? ఈ పక్కనే నర్సుల బల్ల ఉంది. ఎవరూ ఏమీ వినలేదు. ఆ పొర ఎప్పటిదో ఏమో. పరీక్షకి పంపిస్తాను, రిపోర్టొచ్చేసరికి వారం. అప్పటిదాకా డాక్టరమ్మ మా అతిథి." గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంటకి జీపు బయల్దేరుతుంది. వదిన్ని అడిగానని చెప్పండి."

వాడు చెప్పిందాంట్లో ఒక్కటి మాత్రం నిజం. తోలు ఊడేలా కాలినా ఆ మనిషి కిక్కురుమనలేదు. హీటర్ని మధ్యలో కిందకి పడేయనూ లేదు.

డాక్టరమ్మను ఆవిడ ల్యాబులోనే కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర ఒక ఆడ కానిస్టేబుల్. నేను నోరు విప్పకముందే ఆవిడే అడిగింది.

"ఐసీయూలో దుప్పటి తియ్యలేదు కదా? ఒళ్ళు తుడిచాక పూర్తిగా ఆరేదాకా కదిలించొద్దని చెప్పండి. వాళ్ళు నా ఫోన్ తీసుకున్నారు."

"చెబుతాను. ప్రొఫెసర్ మీద మీకు కోపం ఉందా?"

"ఉంది. రెండేళ్ళు ఆమె వెంటే తిరిగాను. వాళ్ళమ్మకీ ఇదే ఉందని, వాళ్ళ తాతకీ ఉండేదని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి తెలుసుకున్నాను. స్లైడ్ మీద చూస్తే పైన ఆయన పేరు. నాది కింద, చీమతలకాయంత. కోపం రాదా?"

"నిన్న ఆ సమయానికి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఒక్కదాన్నే. ఆయన చప్పట్లు కొట్టించుకుంటుంటే చూడలేక హాలుకి వెళ్ళలేదు." తలెత్తి సూటిగా చూసింది. "అందుకే నాకు సాక్షుల్లేరు. నా కుళ్ళే నా కొంప ముంచింది. కానీ ఆమె పోతే నాకేం మిగులుతుందండీ? ఆయన పోతే వేరే సంగతి!"

చివరి మాట అనేసి ఆవిడే నాలుక కరుచుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే దారి కూడా దొరికింది.

కుళ్ళు విషయంలో నేను పండితుణ్ణి. నాకు మా తోడల్లుడంటే కుళ్ళు గానీ మా అత్తగారంటే కాదు. నా పీట లాక్కుని కూర్చున్నవాడి మీదే నా కన్ను. డాక్టరమ్మ పీట లాక్కున్నది ప్రొఫెసర్. ఆవిడ కుళ్ళు ఆయన మీదికి పోవాలి. స్లైడ్లు చెరిపేస్తుంది, కాఫీలో ఉప్పు కలుపుతుంది, అంతేగానీ టైలరమ్మ జోలికెందుకు వస్తుంది? దెబ్బ టైలరమ్మ మీద పడిందంటే, టైలరమ్మ ఎవరి పీటో లాక్కుని ఉండాలి.

వరండాలో నర్సును ఆపాను. "ఈమె రాకముందు ఆ బుధవారం కుర్చీలో ఎవరు కూర్చునేవారు?"

"ఇంకెవరు సార్, మా వజ్రంగారే" అంది వెంటనే. "పన్నెండేళ్ళ నుంచీ. పరిశోధనకి ఒప్పుకున్నందుకు ఆయనకి ఈ వార్డులోనే ఒక గదిచ్చారు. పాపం, నెల రోజులుగా ఆయన్నెవరూ పిలవడంలేదు."

"వజ్రమేంటి?"

"ఎంత గీసినా తెలియదు కదా, అందుకని వార్డులో అందరం అలా పిలుస్తాం. ఆయనకి పుట్టుకతోనే నొప్పి తెలియదు సార్. తెగినా, కాలినా, విరిగినా అంతే. ఈ జబ్బున్నవాళ్ళకి వాసన కూడా తెలియదు. అందుకే రోజూ సాయంత్రం ఒళ్ళంతా వెతుక్కోవాలి, ఎక్కడైనా గాయముందేమోనని. ముందువైపు ఆయనే అద్దంలో చూసుకుంటారు. వీపు, భుజాల వెనక నేను టార్చి వేసి చూస్తాను."

"నిన్న సాయంత్రం చూశారా?"

"నిన్నెక్కడ సార్, నేను రోజంతా ఐసీయూలోనే..." అంటూ ఆగిపోయింది. ఆమె చెయ్యి నోటిమీదికి వెళ్ళింది.

"టార్చి తీసుకుని రండి" అన్నాను. "చేతి అద్దం కూడా."

ఆయన గది వరండా చివర ఉంది. గోడల నిండా ఫోటోలు. ప్రతిదాంట్లోనూ మధ్యలో ఆయనే, చుట్టూ తెల్లకోట్లు. నలభై దాటిన మనిషి, నున్నగా దువ్విన తల. మంచం అంచున కొంచెం ముందుకి వంగి కూర్చున్నారు. పక్కన టిఫిన్ ప్లేటు మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది.

"రండి రండి. పేపరువాళ్ళా?"

"కాదండి. డిటెక్టివ్‌ని."

"ఓహో." ముఖం చిన్నబోయింది. "ఈమధ్య పేపరువాళ్ళు రావడం మానేశారు. ఇదివరకు బుధవారమంటే నేనేనండీ. వేదిక మీద నా చేతికి సూది గుచ్చేవారు, నేను జోకులు చెబుతుండేవాణ్ణి. హాలంతా గప్‌చుప్. తర్వాత చప్పట్లు. ఇదిగో, ఈ ఫోటోలో ఈయన కళ్ళజోడు తీసి మరీ చూస్తున్నాడు చూడండి. ఎంత పెద్ద డాక్టరో తెలుసా?"

"ఇప్పుడు టైలరమ్మ వచ్చిందిగా."

"వచ్చింది." గొంతు గరుకెక్కింది. "చలికి దద్దుర్లు! అదీ ఒక జబ్బేనా చెప్పండి? మా పిన్నికీ వస్తాయి. ఆవిడకి అట్టలేం, హీటర్లేం, మహారాణీ వైభోగం. నా గదిలో మెత్తటి కుర్చీ ఉండేది, ఆమెకి బాగుంటుందని అదీ పట్టుకెళ్ళారు. నన్నొక్క మాట అడిగారా?"

నాకు కోపం రావాలి, రాలేదు. నిజమే కదా పాపం, కనీసం అడగాల్సింది అనిపించింది. పోయిన పండక్కి... వద్దులెండి, మా అత్తవారింటి భోజనాల బల్ల దగ్గర కుర్చీల సంగతి ఇప్పుడెందుకు.

"నిన్న పొద్దున ఎక్కడున్నారు?"

"ఇక్కడే. పడుకున్నాను." నుదుటి మీద చెమట పట్టింది. దొంగ చెమట అనుకున్నాను. "కావాలంటే చేతులు చూసుకోండి, ఇన్‌స్పెక్టర్‌గారూ చూశారు."

రెండు చేతులూ చాపారు. శుభ్రమైన చేతులు, గోళ్ళు కూడా నీటుగా ఉన్నాయి. "చేతులంటే నాకు ప్రాణమండీ. చిన్నప్పుడు పొయ్యి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నానట. అప్పట్నుంచీ మా అమ్మ ఒకటే మాట. కనిపించేదాన్ని నువ్వు కాపాడుకో నాన్నా, కనిపించనిదాన్ని నేను చూసుకుంటాను అనేది. అమ్మ పోయాక సిస్టరుగారు చూస్తున్నారు."

ఆయన చేతులు వెనక్కి తీసుకునేటప్పుడు పొట్టిచేతుల చొక్కా కుడివైపు అంచు కదల్లేదు. భుజం కింద వెనకవైపు గుడ్డ ఒంటికి అతుక్కుపోయి ఉంది. దాని మీద పసుపుపచ్చటి మరక.

అప్పుడే వరండాలో బూట్ల చప్పుడు. మా తోడల్లుడు, వెనక ఆడ కానిస్టేబుల్, మధ్యలో డాక్టరమ్మ.

"ఒంటిగంటయింది అన్నగారూ" అన్నాడు గుమ్మంలోంచే. "పేషెంట్లతో కబుర్లయ్యాయా? కెమెరాలవాళ్ళు కింద ఎండలో నిలబడ్డారు."

"నిలబడనీ. ఒక్క నిమిషం లోపలికి రా. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుంటారంటారు కదా. ఈ దొంగ తడుముకోలేదు. భుజాన ఏముందో ఆయనకే తెలియదు."

"పొడుపు కథలా?"

"సిస్టర్, ఆ చొక్కా చెయ్యి తడిపి మెల్లగా పైకి తియ్యండి."

వజ్రంగారు అడ్డు చెప్పలేదు. వింతగా చూస్తూ కూర్చున్నారు, ఎవరి చెయ్యో చూస్తున్నట్టు. నర్సు దూది తడిపి గుడ్డను ఊడదీసింది. దాంతోపాటు ఇంకాస్త తోలూ ఊడింది. చూస్తున్న నేను పళ్ళు బిగబట్టాను గానీ ఆయన కనురెప్ప కూడా వెయ్యలేదు. మోచేతికి పైన, వెనకవైపు, అరచేతి వెడల్పున కాలింది. గళ్ళు గళ్ళుగా, ఇనుప జాలీ అచ్చు దిగినట్టు.

ఆయన్ని గోడ అద్దానికి వీపు తిప్పి నిలబెట్టి, చేతి అద్దం ముందు పట్టాను. ఆయన చూసుకున్నారు. అద్దంలో ఆ కాలిన చోటు కనబడగానే ముఖం తెల్లబోయింది.

"ఇదెప్పుడు కాలింది?" అన్నారు తనలో తానే అనుకున్నట్టు. "ఎవరికీ కనబడకుండా వెనక దాచుకున్నా, కాళ్ళ దగ్గరే పట్టుకున్నానే..."

తన నోటినుంచి ఏమొచ్చిందో ఆయనకి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది.

నేను మా తోడల్లుడి వైపు చూశాను. వాడి నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెప్పకూడదు గానీ, ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం పెళ్ళినాడు కూడా కలగలేదు. మా అత్తగారు అక్కడ లేకపోవడం ఒక్కటే లోటు.

వజ్రంగారు మంచం మీద కూలబడ్డారు. "చంపాలనుకోలేదండీ. ఆ రోజుకి ఆవిడ వేదికెక్కకుండా ఉంటే చాలనుకున్నాను. ఊళ్ళ నుంచి అంతమంది వచ్చారు కదా, కుర్చీ ఖాళీగా ఉంచరు, నన్నే పిలుస్తారనుకున్నాను. వచ్చి తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. అందరూ ఆవిడ చుట్టూనే పరుగెత్తారు."

"మరి బయట గడియెందుకు పెట్టారు?" అన్నాను.

ఆయన గోడ మీది ఫోటోల వైపు చూశారు. దానికి సమాధానం నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

మా తోడల్లుడు అప్పటికి తేరుకున్నాడు. వాడు తేరుకోవడంలో దిట్ట. "కానిస్టేబుల్, డాక్టర్‌గారిని వదిలెయ్. ఈయన్ని తీసుకో" అని, నా వైపు తిరిగి, "మనిద్దరం కలిసి మంచి పనే చేశాం అన్నగారూ" అన్నాడు. మనిద్దరమట! కింద కెమెరాల ముందు ఆ 'మన' కూడా మిగలదని నాకు తెలుసు. నేను మండిపడి ఏదో అనబోతుంటే డాక్టరమ్మ మా ఇద్దర్నీ పక్కకి నెట్టి ముందుకొచ్చింది.

ఆవిడ ఆ కాలిన చేతి వైపు చూడడంలేదు. ఆయన ముఖం వైపు చూస్తోంది.

"ఎప్పట్నుంచి తినడంలేదు?"

"నిన్న మధ్యాహ్నం నుంచి సహించడంలేదు. రాత్రి రెండుసార్లు వాంతయింది. భయానికేమో."

"వెనక్కి పడుకోండి." ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చొక్కా పైకి లాగి కడుపు మీద నాలుగు వేళ్ళూ ఆనించి నొక్కింది. ఒకసారి, పక్కకి జరిపి ఇంకోసారి. కడుపు చెక్కలా బిగుసుకుని ఉంది, వేళ్ళు దిగలేదు. ఆవిడ ముఖం మారిపోయింది.

"సిస్టర్, స్ట్రెచర్! సర్జన్‌కి ఫోన్ చెయ్యండి, థియేటర్ రెడీ చెయ్యమనండి. అపెండిక్స్ పగిలిపోయింది. కడుపంతా విషం పాకింది."

"అపెండిక్సా?" అన్నాడు మా తోడల్లుడు. "ఇప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్నాడు కదండీ!"

"మీరైతే నిన్ననే అరిచి ఊరంతా లేపేవాళ్ళు. ఈయనకి అరవాలని చెప్పేదెవరు?" బేడీలు పట్టుకున్న వాడి చెయ్యి పక్కకి తోసింది. "అవి జేబులో పెట్టుకోండి. ఈయన సాయంత్రం దాకా బతికుంటే అప్పుడు చూద్దాం."

అప్పుడు తెలిసింది నాకు, నేను దొంగ చెమటనుకున్నది ఏ చెమటో. నేను ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తున్నంతసేపూ ఆ మనిషి చచ్చిపోతున్నాడు. ఆ సంగతి నాకు తెలియదు, ఆయనకీ తెలియదు.

స్ట్రెచర్ వచ్చింది. నలుగురం పట్టి ఎక్కించాం. డాక్టరమ్మ, "నేను రెండు నిమిషాలు ఐసీయూలో ఆమెను చూసి థియేటర్‌కి వస్తాను" అంటూనే ఒక పక్క తనూ తోస్తోంది. లిఫ్టు దగ్గర వజ్రంగారు ఆవిడ కోటు పట్టుకున్నారు. పెదాలు ఎండిపోయాయి గానీ కళ్ళలో ఏదో వెలుగొచ్చింది. ఫోటోల్లో ఉన్న వెలుగే.

"డాక్టరమ్మా, ఏమీ తెలియకుండానే పగిలిందంటే... ఇది అరుదైన కేసే కదా? బుధవారం పెడతారా?"

ఆవిడ ఆయన వేళ్ళను కోటు మీంచి ఒక్కొక్కటే విడిపించింది. మెల్లగానే విడిపించింది.

"కాదు" అంది. "అందరికీ వచ్చేదే."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. సూది గుచ్చినా, తోలు ఊడినా, పేగు పగిలినా కిక్కురుమనని మనిషి, లిఫ్టు తలుపులు మూసుకునేలోపు మూలిగారు.